దిష్టి కుందేలు

ముప్పై ఒకటో రోజు బారెడు పొద్దెక్కేసరికి కత్తులకోన అంచున ఇద్దరు ఆడవాళ్లు గబగబా నడుస్తున్నారు. అందులో ఒకరు ఆడమనిషి కాదు.

ముందు నడుస్తున్నది చెంగి. రాచ కుందేళ్లశాల కాపరి దుబ్బయ్య కూతురు. నెత్తిన వెదురుబుట్ట, బుట్టలో గడ్డి, గడ్డిలో అమాసి అనే కర్రి కుందేలు. ముక్కు నుంచి తోక దాకా ఒక్క తెల్లవెంట్రుకైనా లేని నిండు నలుపు. వెనక ముసుగు సవరించుకుంటూ, ముళ్లు గుచ్చుకున్నప్పుడల్లా పూర్వీకులను తలుచుకుంటూ వస్తున్న రెండో ఆమె కర్బుర దేశపు యువరాజు మణికుండలుడు. ఒంటిమీద తెల్లచీర, చీరనిండా నల్లచుక్కలు. నేతచీర కట్టుకోమంటే వినలేదు. ఉన్నవాటిలో ఇదొక్కటే పట్టు అన్నాడు.

"చెంగీ, ఈ చీర అడుగడుగునా మా పాదములకు అడ్డుపడుచున్నది" అన్నాడు యువరాజు.

"కుచ్చిళ్లు ఎత్తిపట్టుకో వదినా. ఆ పాదములూ అవీ మానెయ్యి. ఎవరైనా వింటే చీర కట్టిన ఫలం దక్కదు."

"ఇచ్చట ఎవరును లేరుగదా. మమ్ము వదినా అననేల?"

"అలవాటు కోసం" అంది చెంగి. అలవాటు కోసం కొంత, సరదా కోసం చాలా.

ఎదుట లోయకు అవతల రాజధాని చిత్రపురి ఎండలో మెరుస్తోంది. ఏడు ప్రాకారాలు, ఏడు వన్నెలు. మొదటిది గోధుమ, రెండోది మైల, మూడోది పుల్ల, నాలుగోది కపిల, ఐదోది బూడిద, ఆరోది పాలతెలుపు. ఏడోదాని మీద మాత్రం తెల్లసున్నం పూసి నల్లచుక్కలు పెట్టారు. గోపురాల మీద బంగారు కలశాలకు బదులు నిటారుగా లేచిన రెండేసి బంగారు చెవులు. గాలి వీస్తే ఆ చెవులకు కట్టిన గంటలు మోగుతాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని, ఒక దేశం దేశమంతా కుందేలు చెవుల కింద బతకడమేమిటని పరదేశులు నవ్వుకునేవారు. కర్బురులకు అది నవ్వులాట కాదు.

వాళ్ల మొదటి రాజు శత్రువులకు భయపడి ఒక తొర్రలో నక్కినప్పుడు ఒక కుందేలు వచ్చి ఆయన ఒళ్లో కూర్చుందట. కుందేలు అంత నిమ్మళంగా ఉందంటే అక్కడ మనిషి ఉండడని శత్రువులు వెళ్లిపోయారట. దాని ఒంటిమీద ఐదు ముద్రలున్నాయి. ముక్కు మీద రెక్కలు విప్పిన సీతాకోకచిలుక, కళ్లచుట్టూ కాటుక, నల్లటి చెవులు, వెన్ను పొడుగునా చేపముల్లు లాంటి గీత, రెండు పక్కలా చుక్కల గొలుసు. అప్పటినుంచి శాసనం ఒకటే. పట్టాభిషేకం నాడు మిట్టమధ్యాహ్నపు లగ్నంలో పంచముద్ర కుందేలు మొట్టమొదట ఎవరి ఒళ్లోకి చేరుతుందో వాళ్లే కర్బుర దేశానికి ఏలిక. లగ్నం దాటేలోగా ఏ ఒళ్లోనూ కుందేలు లేకపోతే సింహాసనం రాజగురువుది.

ఆ చివరి వాక్యం రాయించింది ఏ కాలపు రాజగురువో గాని, ఇప్పటి రాజగురువు కంకాళుడికి అది చాలా నచ్చింది. ముసలిరాజు కన్నుమూసిన మర్నాడే కుందేళ్లశాలకు వెళ్లి, గుప్పెడు బూడిద చల్లి, ఉన్న నలభై పంచముద్ర కుందేళ్లనూ రాళ్లు చేశాడు. నేరం దుబ్బయ్య మీద పెట్టి, ముప్పై ఒకటో నాటి పట్టాభిషేక లగ్నం దాటగానే తల తీయమన్నాడు. తరవాతి రాయి తానేనని పసిగట్టిన యువరాజు మురుగుతూములోంచి బయటపడి కొండమీది చెంగి ఇల్లు చేరాడు. దేశంలో ఇంకెక్కడైనా పంచముద్ర కుందేలు కనబడితే ఎత్తుకు రమ్మని కంకాళుడు లోహతుండి అనే ఇనుపముక్కు రాబందును ఆకాశంలోకి వదిలాడు. దాని బుర్రలోకి ఎక్కించిన మంత్రం ఒక్కటే: తెలుపు మీద నల్లచుక్కలు. చుక్కలు ఎక్కడ ఎక్కువుంటే అటు పోవాలి.

అందుకే ఈ ముప్పై రోజులూ చుక్కల కుందేలన్నది దేశంలో మిగల్లేదు. అందుకే చెంగి బుట్టలో కర్రిది ఉంది.

దుబ్బయ్యకు తెలిసిన రహస్యం ఆస్థాన పండితుల్లో ఒక్కరికీ తెలియదు. పంచముద్రకు పంచముద్రను కడితే ఎనిమిది పిల్లల్లో నాలుగే సరైనవి. రెండు కర్రివి పుడతాయి. రెండు బోసివి పుడతాయి, అంటే ఒళ్లంతా తెలుపు, మూతిమీద సగం మీసం, చెవులకు కాస్త మసి. కర్రివీ బోసివీ అరిష్టమని పండితులు వాటిని కోటగోడ మీంచి విసిరేయమనేవారు. ఇరవై ఏళ్లపాటు పైనుంచి విసరడం దుబ్బయ్య వంతే. కింద దుప్పటి పట్టుకుని నిలబడటం చెంగి తల్లి వంతు, ఆమె పోయాక చెంగి వంతు. అలా బతికినవన్నీ కొండమీద పెరిగాయి. ఒకసారి ఒక కర్రిదాన్నీ ఒక బోసివాణ్ణీ పొరపాటున ఒకే గూట్లో వదిలితే పుట్టిన ఆరు పిల్లలకీ ఐదేసి ముద్రలు. దుబ్బయ్య కళ్లు నులుముకుని చూసి, వాటిని రాచశాల పిల్లల్లో కలిపేసి నోరు కుట్టేసుకున్నాడు. అరిష్టాల కడుపున రాచముద్ర పుడుతుందంటే ముందు పోయేది చెప్పినవాడి తలే.

తనను బంధించి తీసుకుపోతున్నప్పుడు మాత్రం కూతురి చెవిలో ఊదాడు: "అమాసిని బోసిగాడితో కట్టెయ్. ముప్పై ఒకటో నాటికి పిల్లలు పెడుతుంది. దారిలో చుక్కల కుందేలును బతకనివ్వరు. కడుపులో ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?"

చెంగి కట్టేసింది. కాని తండ్రి మాట మీద నమ్మకం తప్ప ఆ వింత ఆమె కళ్లారా చూసింది కాదు. పిల్లలన్నీ కర్రిగా పుట్టినా, అసలే పుట్టకపోయినా, మధ్యాహ్నానికి తండ్రి ఉండడు. ఆ భయం ఆమెను వదలడం లేదు. అందుకే అంత వాగుతోంది.

కోన మలుపు తిరిగారు. నేలమీద పెద్ద నీడ పడింది.

చెంగి తలెత్తి చూసేలోపే లోహతుండి కిందికి వచ్చేసింది. బుట్టకేసి చూడనైనా లేదు. తెల్లచీర, నాలుగువందల నల్లచుక్కలు. రాబందు జన్మలో అంత పెద్ద కుందేలును చూసి ఉండదు. యువరాజును భుజాల మీది చీర పట్టి అమాంతం పైకి లేపింది.

"చెంగీ, మేము ఎగురుచున్నాము" అన్నాడు మణికుండలుడు.

చెంగి ముందు బుట్టను దించి, గాలి ఆడేలా పొదనీడలో పెట్టి, గడ్డి సర్దింది. తరవాతే యువరాజు సంగతి చూసింది. కోన అంచుదాకా పరుగెత్తి, ఎగిరి, వేలాడుతున్న రాచపాదాలను రెండు చేతులా పట్టుకుంది. పైన పక్షి, కింద పిల్ల, మధ్యలో దేశపు భవిష్యత్తు. కింది ఇద్దరి బరువూ పట్టుచీర మీదే పడింది. ముడి జారింది. యువరాజు బొంగరంలా గిర్రున తిరుగుతూ చీరలోంచి ఊడివచ్చాడు. ఇద్దరూ దబ్బున ఈతపొద మీద పడ్డారు. లోహతుండి చీరను గోళ్లకు చుట్టుకుని, పని ముగిసిందన్న ధీమాతో కోటవైపు వెళ్లిపోయింది.

"నేతచీర కట్టుకోమన్నాను" అంది చెంగి, మోచేతి ముళ్లు పీక్కుంటూ.

యువరాజుకు గోచీ మిగిలింది. దారిలో చాకిరేవు దగ్గర ఎవరో ఆరేసిన గోనెపట్టా ఒకటి కప్పుకున్నాడు. ముసుగు పోయింది కనక నెల రోజుల మీసం బయటపడింది.

ఏడో ప్రాకారపు ద్వారం దగ్గర కాపలాభటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఆగండి. బుట్టలో ఏంటి?"

"కుందేలయ్యా."

"చుక్కలున్నాయా?"

"నువ్వే చూసుకో."

భటుడు మూత ఎత్తి చూసి, చటుక్కున వదిలి, మూడడుగులు వెనక్కి వేసి మూడుసార్లు ఉమ్మేశాడు. "కర్రిదని ముందే చెప్పొద్దూ?"

"పట్టాభిషేకానికి దిష్టి తియ్యాలి గదా. మూడుసార్లు తిప్పి గోడమీంచి విసరడానికి తెచ్చాం. పొట్టకింద చుక్కలేమన్నా దాచానేమో, చెయ్యిపెట్టి చూడు."

"నీకు దణ్ణం పెడతాను, దాన్ని దూరంగా పట్టుకో." భటుడి చూపు గోనెపట్టా మీదికి మళ్లింది. "ఈ మనిషెవరు?"

"మా వదిన. నిన్న ఈ కుందేలు కాలు కాస్త తగిలింది. తెల్లారేసరికి మీసాలొచ్చేశాయి."

భటుడు తన నున్నటి బుగ్గలు తడుముకున్నాడు. ఎప్పటినుంచో మీసం రావడం లేదని బెంగపడుతున్న మనిషే గాని, ఆ దారిన రావడం ఇష్టం లేదు. తలుపులు రెండూ బార్లా తీసి గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. పంచముద్రల కోసం దేశమంతా గాలించిన కోట, వాటిని మోస్తున్న తల్లికి రాజమార్గం విడిచింది.

నాలుగడుగులు వేశాక బుట్టలో చప్పుడైంది. చెంగి మూత ఎత్తి చూసింది. అమాసి తన రొమ్ముమీది వెంట్రుకలను నోటితో పీకి గడ్డిమీద పరుస్తోంది.

"ఏమైనది?" అన్నాడు యువరాజు.

"పక్క పరుచుకుంటోంది. ఇంక ఎంతో సేపు పట్టదు. నడువు."

పట్టాభిషేక మండపంలో వెయ్యి స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఒక్కో వన్నె కుందేలు. పచ్చలతో కళ్లు, కెంపులతో ముక్కులు. నేలంతా చందనపు కళ్లాపి, ముత్యాల ముగ్గు. మధ్యన సింహాసనం, అది ఖాళీ. దానికెదురుగా, పైకిటికీలోంచి ఎండ పడేచోట, నీడగడియారం. నీడ మధ్యగీతకు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. దానికి పక్కనే నరికే మొద్దు. మొద్దు మీద దుబ్బయ్య తల.

ముప్పై రోజుల్లో తండ్రి సగమైపోయాడు. చెంగికి నాన్నా అని అరవాలనిపించింది. అరిస్తే అంతా పోతుందని పెదవి కొరుక్కుంది.

కంకాళుడు సింహాసనం పక్కన నిలబడి మెత్తటి దిండు మీద చెయ్యి వేసి చూసుకుంటున్నాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు, మెడలో పుర్రెలు, వేళ్లకు పాముతల ఉంగరాలు. ఇంత భయంకరుడికి ఉన్న లోపం ఒక్కటే. కుందేటి వెంట్రుక సోకితే తుమ్ములు. ఆయనగారి రాజద్రోహం వెనక రాజ్యకాంక్ష ఎంతో, ముక్కుదురద అంత.

"ఎవరది?" అన్నాడు.

గోనెపట్టా తీసేసి మణికుండలుడు ముందుకు వచ్చాడు. గోచీతో ఉన్నా నడక నడకే. "కర్బుర దేశపు యువరాజు" అని, వెళ్లి సింహాసనం మీద కూర్చున్నాడు.

సభంతా లేచింది. కంకాళుడు మాత్రం నవ్వాడు. "కూర్చో నాయనా, కూర్చో. ఒడి ఉంది. కుందేలేది?"

యువరాజు చెంగి వైపు చూశాడు. అందరూ చూశారు. చెంగి ముగ్గు మధ్యన చతికిలబడి మూత తీసింది. అమాసి బయటకు తలపెట్టి, నాలుగు దిక్కులూ చూసి, ఒక్క గెంతులో చెంగి ఒళ్లోకి ఎక్కింది. నోటినిండా నల్లటి నూగు. పావడా కుచ్చిళ్లలో గొయ్యి చేసుకుని దాన్ని పరవడం మొదలుపెట్టింది. మిగిలింది గాలిలోకి లేచింది.

"కర్రిదా?" అన్నాడు కంకాళుడు. "పట్టాభిషేక మండపంలో కర్రిదా? తలారీ, ముందు ఆ ముసలాడి తల కొట్టు. తరవాత ఆ కుందేలును గోడమీంచి... గోడమీం... హాచ్."

తలారి ఎత్తిన కత్తి దించేశాడు. తుమ్ము వినబడ్డాక కత్తి ఎత్తకూడదు, కాలు కదపకూడదు, మంచిగాని చెడుగాని ఏదీ మొదలుపెట్టకూడదు. పురోహితులు నీళ్లు చల్లారు. సభలోని వాళ్లందరూ కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేచారు. నీడ ఒక వేలు జరిగింది.

"కొట్టరా" అని కంకాళుడు నోరు తెరిచాడు. నల్లటి నూగు ముక్కు దగ్గరికి వచ్చింది. "హాచ్."

మళ్లీ నీళ్లు, మళ్లీ కూర్చోవడం. మూడోసారి తలారి కత్తి కింద పెట్టి, పిలుపు వచ్చేదాకా మొద్దు అంచునే కూర్చున్నాడు. పక్కన దుబ్బయ్య తల ఉంటే కాస్త జరగమన్నాడు.

నీడకూ గీతకూ మధ్య వేలెడు దూరమే మిగిలింది. చెంగి ఒళ్లో అమాసి వీపు వంచి బిగుసుకుంది. చెంగికి అర్థమైంది. సింహాసనం మీంచి యువరాజు కళ్లతో, చేతులతో, చివరికి తన ఒడి తట్టి మరీ సైగ చేశాడు: ఇటు తీసుకురా. పదడుగుల దూరం. చెంగి అమాసి కిందికి చేతులు పెట్టింది.

"కదలకు."

మొద్దు మీంచి వచ్చింది ఆ మాట. దుబ్బయ్య తల ఎత్తలేడు. బిడ్డ మొహం కనబడే వీలూ లేదు. అయినా ఆ నిశ్శబ్దాన్ని బట్టి ఏం జరుగుతోందో పోల్చుకున్నాడు.

"పిల్లలు పెట్టేదాన్ని కదపకూడదని ఎన్నిసార్లు చెప్పానే? బెదిరితే పిల్లల్ని తనే తినేస్తుంది. రాజుగారి కోసమైనా సరే, నా తల కోసమైనా సరే. కదలకు."

చెంగి చేతులు వెనక్కి తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. యువరాజు మొహం చూడలేకపోయింది.

మొదటి పిల్ల జారింది. వేలెడంత, ఒంటిమీద వెంట్రుక లేదు, కళ్లు తెరవలేదు. గులాబీరంగు తోలు. ఆ తోలు మీదే, చుట్టూ చేరినవాళ్లందరికీ కనబడేంత స్పష్టంగా, వెన్ను పొడుగునా నల్లటి ముల్లుగీత. పక్కల చుక్కలు. మసిచెవులు. మూసిన కళ్లచుట్టూ కాటుక. ముక్కు మీద రెండు చిన్న రెక్కలు.

రెండోది జారింది. రెక్కలున్నాయి. మూడోది, నాలుగోది, ఐదోది. ఏడు పిల్లలు, ఏడు ముక్కుల మీదా సీతాకోకచిలుకలు. తండ్రి అబద్ధమాడలేదు. చెంగి ఏడుస్తూ నవ్వింది.

నీడ గీతను తాకింది. గంట మోగింది.

శాసనం చదివేవాడు ముసలివాడు. ముప్పైయేళ్లుగా ఆ తాళపత్రం తప్ప మరోటి చదవలేదు, ఆలోచించడం ఆయన పనీ కాదు. చెంగి ఒడిలోకి ఒకసారి, ఆకులోకి ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు. "పంచముద్ర కుందేలు మొట్టమొదట చేరిన ఒడి..." ఆగి, వంగి, "పేరేంటమ్మా?" అని అడిగాడు.

"చెంగి."

"కర్బుర దేశాధీశ్వరి చెంగి."

గాలికి గోపురాల మీది గంటలు మోగాయి. సింహాసనం మీద గోచీతో కూర్చున్న మణికుండలుడు ఎటు చూడాలో తెలియక తన ఖాళీ ఒడిలోకి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా తనదనుకున్నది పదడుగుల దూరంలో ఆగిపోయింది. నొప్పి లేదంటే అబద్ధం.

"అయితే ముందు మా నాన్న కట్లు విప్పండి" అంది చెంగి. తలారి పరుగున వెళ్లి విప్పాడు.

కంకాళుడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కళ్ల ముందు ఏడు కనబడుతున్నా ఒప్పుకోలేదు. ముక్కును రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని, తుమ్ము అడ్డు రాకుండా, మంత్రం పూర్తిగా చదివేశాడు. మండపపు కప్పు ఫెళ్లున పగిలి లోహతుండి దిగింది. చెంగి ఒళ్లో ఏడు చుక్కల పిల్లలు కనబడగానే గోళ్లలోని పట్టుచీరను వదిలేసింది. చీర వచ్చి యువరాజు తలమీద పడింది.

చెంగి లేవలేదు. లేస్తే పిల్లలు పోతాయి. వీపు వంచి అమాసినీ పిల్లలనూ తన ఒంటితో కప్పింది. ఇనుపముక్కు ఆమె వెన్నుకు బారెడు దూరంలో ఉంది.

అప్పుడు మణికుండలుడు సింహాసనం దిగాడు. జీవితంలో మొదటిసారి ఏ సమాసమూ వాడకుండా, "ఒసే పక్షీ, ఇటు చూడవే" అని, చీరను విప్పార్చి కంకాళుడి నెత్తిమీదుగా కప్పేశాడు. నాలుగువందల చుక్కలు. పక్షి గాలిలోనే మెడ తిప్పింది. ఇటు ఏడు చిన్న ప్రాణాలు, అటు పొద్దున చేజారిన ఆ పెద్ద కుందేలు. మంత్రం మంత్రమే. చీరతో సహా తన యజమానిని రెండు కాళ్లతో బిగించి రివ్వున పైకి లేచింది. కొంగు యువరాజు మణికట్టుకు చుట్టుకుపోయిన సంగతి ఆయనకు నేల వదిలాక తెలిసింది.

"చెంగీ, మళ్లీ ఎగురుతున్నాను" అన్న కేక కప్పు కన్నంలోంచి వినబడింది. దాని వెనకే ఒక తుమ్ము.

"గుర్రాలు కట్టండి" అంది చెంగి. అది ఆమె రెండో ఆజ్ఞ. "ఆ పక్షి ఉత్తరంగా పోతోంది. యువరాజుకు దెబ్బ తగలకూడదు. నేనే వస్తాను."

దుబ్బయ్య వచ్చి ముగ్గులోనే కూతురి పక్కన కూలబడ్డాడు. తాళ్లు ఒరుసుకున్న చేతులతో ఆమె తల నిమిరాడు. తరవాత అలవాటు చొప్పున అమాసి పొట్టకింద రెండు వేళ్లు పెట్టి చూశాడు.

"లేవనా నాన్నా?" అంది రాణి.

"లోపల ఇంకొకటుంది" అన్నాడు దుబ్బయ్య. "కదలకు."